ఒక స్టీలు గ్లాసుతో కంపోజిషన్ సాధన: ఫ్రేములో ఏది ఎక్కడ ఉండాలి?

కిటికీవెలుగు (హైదరాబాద్):

సభ్యులందరికీ నమస్కారం. కొంతకాలంగా మన ఫోటోగ్రఫీ వేదికలో విమర్శ కోసం పెడుతున్న ఫోటోలను గమనిస్తే పాపికొండలు, లక్నవరం చెరువు, గండికోట లోయ, చార్మినార్ వంటి చోట్ల తీసినవే ఎక్కువగా కనిపిస్తున్నాయి. వాటి కింద వచ్చే వ్యాఖ్యలు కూడా దాదాపు ఒకే తీరులో ఉంటున్నాయి: స్థలం బాగుంది, ఫోటో మాత్రం ఎందుకో నిలబడలేదు. అందమైన చోటికి వెళ్ళినప్పుడు మన కన్ను ఆ అందానికే లొంగిపోతుంది. ఫ్రేము అంచుల్లో ఏముందో, వెనక నుంచి వస్తున్న గీత దేన్ని కోస్తోందో పట్టించుకోదు. అందువల్ల చూడగానే ఎవరికీ ముచ్చట కలిగించని ఒక వస్తువును తీసుకుని కంపోజిషన్ సాధన చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. ఆ వస్తువు మనందరి వంటింట్లో ఉండే స్టీలు గ్లాసు.

షరతులు తక్కువే. ఒక గ్లాసు, ఒక కిటికీ, ఒక బల్ల లేదా గట్టు ఉంటే చాలు. గ్లాసును ఒకచోట పెట్టాక దాన్ని కదపకూడదు, కదలవలసింది మనమే. ఒక్కో విడతలో ఒక్క అంశాన్నే మార్చాలి: ఒకసారి కెమెరా ఎత్తు, ఇంకోసారి దూరం, మరోసారి నేపథ్యం. రెండు మూడు అంశాలు ఒకేసారి మారితే ఫోటో ఎందుకు మెరుగైందో, ఎందుకు చెడిందో తేల్చి చెప్పలేం. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఎడ్వర్డ్ స్టైకెన్ ఫ్రాన్స్‌లోని వూలాంజీ అనే పల్లెలో ఉంటూ, ఒక తెల్ల కప్పునూ సాసరునూ తెలుపు నుంచి నలుపు దాకా మారే నేపథ్యాల ముందు పెట్టి వెయ్యిసార్లకు పైగా ఫోటో తీశాడు. అప్పటికే ఆయన పేరున్న ఫోటోగ్రాఫర్ అన్న సంగతి గుర్తుంచుకుంటే, ఇది కొత్తవారికి మాత్రమే పనికివచ్చే అభ్యాసమని ఎవరూ అనుకోరు.

మొదటి విడతగా కెమెరా ఎత్తును మాత్రమే మార్చి చూడండి. కెమెరా గ్లాసు మూతికి సమానమైన ఎత్తులో ఉంటే ఆ మూతి ఒక గీతలా కనిపిస్తుంది. కాస్త పైకి లేపితే సన్నని కోలగా విచ్చుకుంటుంది. నేరుగా పై నుంచి చూస్తే పూర్తి గుండ్రమవుతుంది. అదే సమయంలో గట్టు వెనక అంచు గ్లాసు వెనక కిందికీ పైకీ జరుగుతూ ఉంటుంది. ఆ అంచు గ్లాసు మూతిని సరిగ్గా తాకిన చోట రెండూ అతుక్కుపోయినట్టు కనిపించి ఫోటోలో లోతు పోతుంది. ఆ చోటు ఎక్కడ వస్తుందో కనుక్కుని, దానికి రెండు వేళ్ళ పైన ఒక ఫోటో, రెండు వేళ్ళ కింద ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

వంటగట్టు (గుంటూరు):

నమస్కారమండీ. నేను ఈ వేదికకు కొత్త, నా దగ్గర ఫోను తప్ప కెమెరా లేదు. మీరు చెప్పినట్టే మా వంటగట్టు మీద గ్లాసు పెట్టి తీశాను, ఫోటోలు జతచేశాను. గట్టు నల్ల కడపరాయి కావడం వల్ల గ్లాసు ప్రతిబింబం కింద మసకగా కనబడి బాగానే ఉంది కానీ మూడు ఇబ్బందులు ఎదురయ్యాయి. మొదటిది, గ్లాసు మూతి ఉన్నదానికన్నా చాలా పెద్దదిగా, అడుగు సన్నగా, మొత్తం మీద గరాటులా వచ్చింది. రెండవది, గ్లాసు పొట్ట మీద నేనూ, నా ఫోనూ, వెనక ఉన్న ఫ్రిజ్జూ అన్నీ సాగిపోయి కనిపిస్తున్నాయి. మూడవది, పోర్ట్రెయిట్ మోడ్‌లో తీస్తే గ్లాసు వెనక అంచు సగం గోడలో కలిసిపోయింది. ఫోనుతో ఈ సాధన చేయవచ్చా, లేక కెమెరా కొన్నాకే మొదలుపెట్టాలా?

పాత రీలు (రాజమహేంద్రవరం):

ఫోనుతో నిక్షేపంగా చేయవచ్చమ్మా. నేను స్టూడియో నడిపిన రోజుల్లో శిక్షణకు వచ్చిన కుర్రాళ్ళకు మొదటి కొన్ని వారాలు ఫిలిం లేని కెమెరా ఇచ్చేవాణ్ణి. ఫ్రేములో చూడటం వస్తే తీయడం ఎంతలో వస్తుంది?

మీ మొదటి ఇబ్బందికి కారణం లెన్సు అని చాలామంది అంటారు, అసలు కారణం దూరం. ఫోనులోని ప్రధాన లెన్సు సుమారు 24 నుంచి 26 మిల్లీమీటర్ల లెన్సుకు సమానమైన విశాల దృశ్యాన్ని చూపుతుంది కనుక, గ్లాసు ఫ్రేము నిండా రావాలంటే మీరు దానికి మరీ దగ్గరగా వెళ్ళాల్సి వస్తుంది. గ్లాసు మూతి అడ్డంగా 7 సెంటీమీటర్లు ఉందనుకుందాం. ముందు అంచు మీ ఫోనుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే వెనక అంచు 27 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది, అంటే ముందు అంచు వెనక అంచుకన్నా మూడో వంతుకు పైగా పెద్దదిగా పడుతుంది. పైగా మీరు కాస్త ఎత్తు నుంచి కిందికి చూస్తూ తీశారు కాబట్టి మూతి దగ్గరగా, అడుగు దూరంగా ఉండి గరాటు ఆకారం వచ్చింది. అదే ఒక మీటరు దూరం దాకా వెనక్కి జరిగితే ముందు వెనక అంచుల మధ్య తేడా ఏడు శాతానికి తగ్గిపోతుంది. కాబట్టి వెనక్కి జరిగి, మీ ఫోనులో రెండు రెట్లు లేదా మూడు రెట్లు దగ్గరగా చూపే లెన్సు ఉంటే దాన్ని వాడండి, లేకపోతే తరువాత కత్తిరించుకోండి. సాధన కోసం తీసే ఫోటోకు అది చాలు.

పోర్ట్రెయిట్ మోడ్‌ను ఈ పనికి పూర్తిగా వదిలేయండి. అందులో నేపథ్యాన్ని మసకబరిచేది లెన్సు కన్నా ఫోను చేసే లెక్కే ఎక్కువ. మెరిసే వంపు అంచు గ్లాసుదో గోడదో ఆ లెక్కకు చాలాసార్లు అంతుపట్టదు. ఇక ప్రతిబింబాల సంగతి నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదికలో ఉన్నారు.

ఒక చిన్న ఉపాయం కూడా చెబుతాను. తీసిన ఫోటోను తలకిందులు చేసి చూడండి. పాత పెద్ద ప్లేటు కెమెరాల్లో వెనక గాజు పలక మీద బొమ్మ తలకిందులుగానే కనబడేది. అలా చూసినప్పుడు అది గ్లాసు అన్న ధ్యాస పోయి నలుపు ఎక్కడ, తెలుపు ఎక్కడ, బరువు ఏ పక్కకు ఒరిగింది అన్నవి మాత్రమే కంటికి ఆనతాయి. మీ రెండో ఫోటోను తిప్పి చూస్తే కుడి పై మూలలో ఉన్న తెల్లటి స్విచ్ బోర్డు గ్లాసుకన్నా ముందుగా కనిపిస్తుంది.

మూడోవంతు (విశాఖపట్నం):

కిటికీవెలుగు గారి ప్రతిపాదన బాగుంది కానీ నాకొక అభ్యంతరం ఉంది. కొత్తవారిని ఏ నియమమూ చెప్పకుండా గ్లాసు ముందు కూర్చోబెడితే వారు గంటల తరబడి తీస్తారు, దేన్ని ఉంచాలో దేన్ని తీసేయాలో తెలియక నిరుత్సాహపడతారు. ముందుగా ఫోనులో గ్రిడ్ పెట్టుకోమని చెప్పాలి. ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసి, ఆ గీతలు కలిసే నాలుగు చోట్లలో ఒకదాని మీద గ్లాసును ఉంచమనాలి. ఆ తరువాత దారి చూపే గీతలు (చూపును వస్తువు దాకా నడిపించేవి), ఫ్రేములో ఫ్రేము (కిటికీ, తలుపు వంటి వాటిలోంచి వస్తువును చూపడం), బేసి సంఖ్య (వస్తువులను మూడో ఐదో ఉంచడం) వంటివి ఒక్కొక్కటే చేయించాలి. సంగీతంలో సరళీ స్వరాలు లేకుండా కీర్తన మొదలుపెట్టరు కదా! నియమం తెలిసిన తరువాతే దాన్ని దాటడానికి అర్థం ఉంటుంది.

కిటికీవెలుగు:

మీ అభ్యంతరంలో న్యాయం ఉంది. గ్రిడ్ పెట్టుకోవద్దని నేను అనడం లేదు; నిజానికి గట్టు అంచు వంకరగా ఉందో సమంగా ఉందో తెలుసుకోవడానికి గ్రిడ్ చాలా ఉపయోగపడుతుంది. అయితే ఈ మూడో వంతుల నియమం ఎక్కడి నుంచి వచ్చిందో గుర్తు చేసుకుందాం. 1797లో జాన్ థామస్ స్మిత్ అనే ఆంగ్ల చిత్రకారుడు పల్లె దృశ్యాల చిత్రణ గురించి రాస్తూ, ఆకాశానికీ నేలకూ, వెలుగుకూ చీకటికీ మధ్య మూడింట రెండు వంతులు, ఒక వంతు అన్న నిష్పత్తి సగం సగం కన్నా ఇంపుగా ఉంటుందని వాదించాడు. ఆయన మాట్లాడింది ప్రధానంగా పరిమాణాల గురించి. వస్తువును తీసుకెళ్ళి గీతలు కలిసే చోట పెట్టడం దానికి తరువాత వచ్చిన కుదింపు. నా అనుభవంలో కొత్తవారికి పరిమాణాల గురించి చెబితే వెంటనే ఫలితం కనిపిస్తుంది: ఫ్రేములో గట్టు ఎంత, గోడ ఎంత, గ్లాసు ఎంత, ఏది ఎక్కువ ఉండాలి అని అడిగితే వారు ఆలోచనలో పడతారు. గ్లాసును ఆ చుక్క మీద పెట్టమంటే పెట్టేసి ఊరుకుంటారు.

పైగా స్టీలు గ్లాసు ఎడమ, కుడి సమానంగా ఉండే వస్తువు. చతురస్రపు ఫ్రేములో, మూతి పూర్తి గుండ్రంగా కనిపించేలా నేరుగా పై నుంచి తీస్తే, దాన్ని నడిమధ్యలో ఉంచడమే చక్కగా కుదురుతుంది. అదే గ్లాసు నీడ కుడివైపు సాగుతుంటే మధ్యలో పెట్టిన గ్లాసు ఇరుకున పడినట్టుంటుంది. అప్పుడు అది ఫ్రేములో ఎడమకు వచ్చేలా మనం జరిగి నీడకు చోటివ్వాలి. గ్లాసు స్థానాన్ని నిర్ణయించింది నీడ, గ్రిడ్ కాదు. సరళీ స్వరాల మాట నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే ఈ విద్యలో సరళీ స్వరాలు ఫ్రేము నాలుగు అంచులేనని నా అభిప్రాయం. మీట నొక్కే ముందు నాలుగు అంచుల చుట్టూ కంటిని ఒకసారి తిప్పడం అలవాటైతే, సగం అనవసరపు సామాను ఫోటోలోకి రాకుండానే ఆగిపోతుంది.

మూడోవంతు:

నీడకు చోటివ్వడం అన్నదే ఆ నియమం చేసే పని అని నేను అంటాను. ఇందులో మనిద్దరం రాజీ పడే అవకాశం కనిపించడం లేదు కాబట్టి, నా పద్ధతిలో తీసిన ఫోటోలను వేరుగా పెడతాను. వాటిని చూసి సభ్యులే చెప్పవచ్చు.

నల్లగుడ్డ (విజయవాడ):

నేను దుకాణాల కోసం పాత్రలు, నగలు ఫోటో తీస్తుంటాను కాబట్టి వంటగట్టు గారి రెండో ప్రశ్నకు కాస్త వివరంగా జవాబిస్తాను. మెరిసే లోహానికి సొంత రూపం చాలా తక్కువ. మనం స్టీలు గ్లాసు అని చూస్తున్నది అది ప్రతిబింబిస్తున్న గదినే. అందువల్ల గ్లాసును ఫోటో తీయడమంటే గ్లాసు చుట్టూ ఉన్న గదిని సర్దడమే. గ్లాసుకు రెండు పక్కలా చెరొక తెల్ల పంచెను నిలువుగా వేలాడదీసి, కెమెరాకు మాత్రం మధ్యలో సందు వదిలితే, గ్లాసు పొట్ట మీద ఫ్రిజ్జు పోయి తెల్లటి మెత్తని పట్టీలు వస్తాయి. అయితే అంతా తెలుపే అయినప్పుడు తెల్ల గోడ ముందు గ్లాసు అంచులు మాయమవుతాయి. అప్పుడు గ్లాసుకు ఇరువైపులా, ఫ్రేముకు సరిగ్గా బయట, అరచేయంత వెడల్పున్న నల్ల అట్టలు నిలబెట్టండి. ఆ నలుపు గ్లాసు పక్క అంచుల మీద సన్నని గీతలుగా పడి, పెన్సిలుతో గీసినట్టు ఆకారం తేలుతుంది. నల్ల గోడ ముందైతే దీనికి తిరగేసి చేయాలి: పక్కల తెల్ల కాగితం పెడితే అంచులు వెలుగుతాయి. అట్టను ఒక అంగుళం ముందుకు జరిపితే ఆ గీత ఎంత లావవుతుందో మీరే చూస్తారు. నా దృష్టిలో ఈ మొత్తం సాధనలో అన్నిటికన్నా ఆసక్తికరమైన భాగం అదే.

పోలరైజర్ ఫిల్టరు (ఒక దిశలో కంపించే వెలుగును మాత్రమే పోనిచ్చేది) కొంటే ప్రతిబింబాలు పోతాయని కొందరు సలహా ఇస్తారు. నీటి మీద, గాజు మీద, వార్నిషు వేసిన చెక్క మీద కోణం కుదిరితే అది బాగా పనిచేస్తుంది; స్టీలు, ఇత్తడి వంటి లోహాల మెరుపు మీద దాని ప్రభావం అంతంత మాత్రమే. డబ్బు పెట్టేముందు ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. ఒక వినోదం మాత్రం ఉంది. ఎల్‌సీడీ తెర నుంచి వచ్చే వెలుగు ముందే ఒక దిశలో కట్టుబడి ఉంటుంది కాబట్టి, చీకటి గదిలో ల్యాప్‌టాప్ తెరను తెల్లగా చేసి దాని వెలుగులోనే గ్లాసును తీస్తే, అప్పుడు పోలరైజర్‌ను తిప్పుతున్నకొద్దీ స్టీలు మీది మెరుపు కూడా ఆరిపోతూ మళ్ళీ వెలుగుతూ ఉంటుంది.

ఇంకొక మాట. ఈ సాధనకు కొత్త గ్లాసు కన్నా ఏళ్ళ తరబడి పీచుతో తోమిన పాత గ్లాసు నయం. దగ్గరగా చూస్తే దాని మీద వెంట్రుకంత సన్నని గీతలు అడ్డంగా చుట్టూ తిరిగి ఉంటాయి. కిటికీ వెలుగు వాటి మీద పడి చెదరడం వల్ల కళ్ళు చెదిరే తెల్ల మచ్చకు బదులు పై నుంచి కింద దాకా ఒక పొడవాటి మెత్తని వెలుగు చార వస్తుంది. ఆ చార ఫ్రేములో ఒక నిలువు గీత కింద లెక్క. అది గ్లాసును ఏ నిష్పత్తిలో చీలుస్తోందో కూడా చూడండి. సరిగ్గా నడుమ పడితే గ్లాసు చదునుగా, ఒక పక్కకు పడితే గుండ్రంగా కనిపిస్తుంది.

ఉత్తరపు నీడ (స్టాక్‌హోమ్):

నల్లగుడ్డ గారూ, మీ అట్టల చిట్కా ఇంట్లో ప్రయత్నించాను, ధన్యవాదాలు. ఇదివరకే చాలామందికి తెలిసే ఉంటుంది కానీ, ఎడ్వర్డ్ వెస్టన్ 1930లో తీసిన ప్రసిద్ధమైన 30వ నంబరు మిరపకాయ (క్యాప్సికం) ఫోటోలో ఆ కాయను ఒక తగరపు గరాటులో పెట్టాడు. గరాటు లోపలి గోడల నుంచి వచ్చిన మెత్తని వెలుగే ఆ కాయకు అంత ఒడ్డూ పొడవూ ఇచ్చింది. మన గ్లాసును పక్కకు పడుకోబెట్టి దాని నోట్లో ఒక పచ్చిమిరపకాయనో వెల్లుల్లి రెబ్బనో పెడితే అదే ప్రయోగం చిన్న స్థాయిలో అవుతుంది.

నీడల గురించి ఇక్కడి నుంచి ఒక పోలిక ఇస్తాను. డిసెంబరు 21 ప్రాంతంలో స్టాక్‌హోమ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు క్షితిజం నుంచి ఏడు డిగ్రీలకు కాస్త పైన మాత్రమే ఉంటాడు. ఎండ వచ్చిందంటే గ్లాసు నీడ దాని ఎత్తుకు దాదాపు ఎనిమిది రెట్లు సాగి బల్ల దాటిపోతుంది. అదే రోజు మధ్యాహ్నం హైదరాబాద్‌లో సూర్యుడు 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు, నీడ గ్లాసు ఎత్తుకన్నా కొంచెం తక్కువే ఉంటుంది. కాబట్టి మాకు చలికాలంలో గ్లాసు చిన్న పాత్ర, నీడే పెద్ద పాత్ర. గ్లాసును పూర్తిగా ఫ్రేము బయట ఉంచి నీడను మాత్రమే తీసిన ఫోటో ఒకటి జతచేస్తున్నాను. ఇది నియమాలకు లోబడుతుందో లేదో చెప్పగలరు.

కిటికీవెలుగు:

వస్తువు బయట, నీడ లోపల ఉండటంలో తప్పేమీ లేదు. అయితే మీ ఫోటోలో నీడ ఎక్కడి నుంచి మొదలవుతోందో ఆ చోటు ఫ్రేము మూలకు మరీ దగ్గరగా ఉండటం వల్ల చూపు మూలలోంచి జారిపోతోంది. కొద్దిగా పైకి జరిపి, నీడ ఫ్రేము ఎడమ అంచు మధ్యలోంచి లోపలికి వచ్చేలా చూడండి. ఆంద్రే కెర్టెస్ 1928లో తీసిన ఫోర్కు ఫోటోను ఒకసారి చూడమని అందరికీ నా మనవి. ఒక పళ్ళెం అంచు, దాని మీద ఆనించిన ఫోర్కు, వాటి నీడలు తప్ప అందులో ఇంకేమీ లేవు. పళ్ళెం మొత్తం కనిపించవలసిన అవసరం లేదని ఆయన ఎంత ధీమాగా కత్తిరించాడో గమనించండి. పాల్ స్ట్రాండ్ 1916లో కనెక్టికట్‌లోని ట్విన్ లేక్స్‌లో వంటింటి గిన్నెలను అంతకన్నా దగ్గరగా వెళ్ళి తీశాడు. అక్కడ గిన్నె అన్న గుర్తింపు రెండో క్షణంలో వస్తుంది, వంపులు మొదటి క్షణంలోనే కనిపిస్తాయి.

హైదరాబాద్ వారికి ఒక ప్రత్యేకమైన అవకాశం ఉంది. ఏటా మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. నిలువుగా ఉన్న స్తంభానికి ఆ కాసేపు నీడ ఉండదు. మన గ్లాసు మూతి అడుగుకన్నా వెడల్పు కాబట్టి దాని నీడ పక్కకు పోకుండా అడుగు చుట్టూ సన్నని కట్టులా నిలుస్తుంది. అప్పుడు నేరుగా పై నుంచి తీస్తే గ్లాసు నేలకు ఆనుకుని ఉందో గాల్లో ఉందో చెప్పలేం. నీడ అన్నది వస్తువును నేలకు కట్టిపడేస్తుందన్న మాటకు ఇంతకన్నా మంచి నిదర్శనం దొరకదు. ఆగస్టులో మబ్బులు అడ్డుపడే అవకాశం ఎక్కువ, అందుకని మే నెలకే సిద్ధపడండి.

ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు మాత్రం గ్లాసు లోపలికి చూడండి. లోపలి గోడ మీద పడిన ఎండ అడుగున ఒక వంపు తిరిగిన వెలుగు గీతను గీస్తుంది. మధ్యలో ఒక మొన తేలి రెండు రెక్కల్లా కనిపిస్తుంది. కాసిని పాలు పోస్తే ఆ గీత ఇంకా స్పష్టమవుతుంది. పై నుంచి తీసేటప్పుడు ఆ మొన ఏ వైపు చూపిస్తోందో, ఫ్రేములో ఆ వైపు ఎంత ఖాళీ ఉందో సరిచూసుకోండి.

వంటగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. మీటరు వెనక్కి జరిగి తీశాను, గరాటు పోయింది. రెండు పక్కలా పంచెలు కట్టాను, ఫ్రిజ్జు పోయింది. ఇప్పుడు ఇంకొక సందేహం వచ్చింది. ఈ గ్లాసు మా అమ్మమ్మ పెళ్ళి సామానులోది. దాని మీద ఆవిడ పేరు, కింద తేదీ కొట్టించి ఉన్నాయి. అక్షరాలు చుక్కలు చుక్కలుగా, కొంచెం వంకరగా ఉంటాయి. అవి ఫోటోలో కనబడితే నాకు ఎంతో ఇష్టంగా ఉంది కానీ, మా తమ్ముడు చూసి ముందు పేరు చదివాడు, గ్లాసును పట్టించుకోలేదు. అక్షరాలను వెనక్కి తిప్పేయాలా? గ్లాసును కదపకూడదన్న షరతు ఉంది కాబట్టి అడుగుతున్నాను.

పాత రీలు:

గ్లాసును తిప్పనక్కరలేదు, మీరు దాని చుట్టూ తిరగండి. ఫోటోలో అక్షరం ఉంటే కన్ను ముందు అక్కడికే పోతుంది, మనిషి ముఖం ఉన్నా అంతే. మీ తమ్ముడి కన్ను సవ్యంగానే ఉంది. అక్షరాలు ఎదురుగా ఉంటే అది పేరున్న ఫోటో అవుతుంది. మీరు పక్కకు నడుస్తున్నకొద్దీ పేరు గ్లాసు వంపు మీదుగా అవతలికి జారి, మొదట చివరి అక్షరాలు మాయమై, తరువాత మొదటి రెండు మూడు అక్షరాలు మాత్రమే మిగులుతాయి, లేదా మీరు తిరిగిన వైపును బట్టి అటుదిటు అవుతుంది. చదవడానికి సరిపోనంతగా మిగిలి, అక్కడేదో చెక్కి ఉందని తెలిసేంతగా కనిపించే ఒక చోటు ఉంటుంది. వెలుగు పక్క నుంచి ఏటవాలుగా వచ్చినప్పుడు ఆ చుక్కల గుంటలు నీడలు పట్టి ఇంకా బాగా తేలతాయి. పేరు అసలు వద్దనుకుంటే వద్దు, అది మీ ఇష్టం, నేనైతే వదులుకోను.

ఇక్కడే సంఖ్య గురించి కూడా చెప్పేస్తాను. పెళ్ళి సామాను అన్నారు కాబట్టి అలాంటి గ్లాసులు ఇంకా ఉండే ఉంటాయి. ఒకదానిలో ఒకటి దూర్చి దొంతరగా పెట్టండి, మూతుల అంచులు ఒకదాని పైన ఒకటి సమాన దూరంలో గీతలుగా వస్తాయి. ఆ వరుసను అలాగే తీస్తే లయ ఉంటుంది కానీ కంటికి ఆగే చోటు ఉండదు. పక్కనే ఒక గ్లాసును బోర్లించి పెట్టండి, లేదా దొంతరలో ఒకదాన్ని కాస్త ఒరగనివ్వండి. విడివిడిగా మూడు గ్లాసులు పెడితే మాత్రం వాటి మధ్య దూరాలు సమానంగా ఉండకుండా చూడండి. రెండు గ్లాసుల అంచులు ఒకదానికొకటి అంటీ అంటనట్టు ఉంటే అది అన్నిటికన్నా చెడ్డ అమరిక. ఒకటి ఇంకోదాని వెనక్కి స్పష్టంగా పోవాలి, లేదా మధ్యలో ఖాళీ స్పష్టంగా కనిపించాలి.

ఇత్తడి చెంబు (శ్రీకాకుళం):

స్టీలు గ్లాసు మా ఇంట్లో కూడా ఉంది కానీ, మా జిల్లాలోని బుడితి ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు కాబట్టి నేను అక్కడ కొన్న చెంబుతో ఈ సాధన చేశాను, మన్నించాలి. దాని మీద సుత్తి దెబ్బల నొక్కులు వరుసగా ఉండటం వల్ల ఒక్క కిటికీ వందలాది చిన్న కిటికీలుగా కనిపిస్తోంది. నల్లగుడ్డ గారు చెప్పిన నల్ల అట్టలు పెడితే ప్రతి నొక్కులోనూ ఒక నల్ల చుక్క చేరి చెంబు మచ్చలమయంగా తయారైంది. అట్టలు తీసేసి ఒకే పక్క కిటికీ ఉంచి, రెండో పక్క ఏమీ పెట్టకుండా చీకటిగా వదిలితే నొక్కులు వెలుగు వైపు నుంచి చీకటి వైపుకు క్రమంగా సన్నగిల్లుతూ చక్కని వరుసగా వచ్చాయి. చెంబు మెడ దగ్గర సన్నబడి ఉంటుంది కదా, ఆ ఇరుకైన చోటుకు రెండు పక్కలా ఏర్పడే ఖాళీ ఆకారాలే నాకు చెంబుకన్నా ఎక్కువ నచ్చాయి. ఎర్ర గచ్చు మీద పెట్టి తీసినందువల్ల ఇత్తడి రంగు నేలలో కలిసిపోతోంది. దీనికేం చేయాలి?

నల్లగుడ్డ:

మీరు చెప్పింది నిజం, నొక్కుల పాత్రకు పక్క వెలుగే సరైనది. నా అట్టలు నున్నని పాత్రల కోసం చెప్పినవి. రంగు విషయంలో, ముందు ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి చూడండి. చెంబూ గచ్చూ ఒకే బూడిద రంగులో పడుతుంటే అది రంగు సమస్య కన్నా వెలుగు సమస్య. చెంబు మీద వెలుగు పెంచి నేల మీద తగ్గించాలి, కిటికీ కింది సగాన్ని దుప్పటితో మూస్తే అది జరుగుతుంది. నలుపు తెలుపులో విడిగా కనిపించి రంగులో మాత్రమే కలుస్తుంటే చెంబు కింద ఒక తెల్ల ముగ్గు గీతో, అరిటాకు ముక్కో ఉంటే చాలు.

ఎక్స్‌పోజరు, అంటే ఫోటోలో పడే వెలుగు మోతాదు గురించి ఎవరూ అడగలేదు కానీ, క్లుప్తంగా చెబుతాను. కెమెరా దేన్ని చూసినా సగటు బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. తెల్ల పంచె ముందు తీస్తే పంచె మాసినట్టు వస్తుంది, కాబట్టి ఒక స్టాపు (అంటే వెలుగును రెట్టింపు) పెంచండి. నల్ల కడపరాయి మీద తీస్తే ఒక స్టాపు తగ్గించండి. గదిలో ట్యూబులైటు ఆపేయండి, లేకపోతే కిటికీ వైపు నీలంగా, లైటు వైపు పచ్చగా రెండు రంగులు గ్లాసు మీద కొట్టుకుంటాయి. పెద్ద కెమెరా వాడేవారికి: 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మీటరు దూరం నుంచి ఎఫ్ 8 (లెన్సు రంధ్రం కొలత, సంఖ్య పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) వద్ద స్పష్టంగా వచ్చే లోతు నాలుగైదు సెంటీమీటర్లకు మించదు, అంటే గ్లాసు ముందు అంచు నుంచి వెనక అంచు దాకా కూడా చాలదు. రెండంచులూ స్పష్టంగా కావాలంటే ఎఫ్ 16 దాకా వెళ్ళి ట్రైపాడ్ వాడండి. ఒక్క అంచే చాలనుకుంటే ముందు అంచు మీద ఫోకస్ పెట్టండి.

మూడోవంతు:

నా పద్ధతిలో తీసిన ఫోటోలు జతచేశాను. కిటికీ ఊచల నీడలు గోడ మీద పడుతున్న సమయంలో గ్లాసును కుడివైపు కింది చుక్క మీద ఉంచి తీశాను, ఆ చారలు ఎడమ పై మూల నుంచి గ్లాసు దాకా దారి చూపిస్తున్నాయి. ఇదే ఫోటోను గ్లాసు నడుమ ఉండేలా కత్తిరించి పక్కన పెట్టాను. రెండింటినీ పోల్చి చూడమని కోరుతున్నాను.

కిటికీవెలుగు:

చూశాను, మొదటిదే బాగుందని నిస్సంకోచంగా చెబుతున్నాను. అయితే అందులో చారలు గ్లాసు మీద కూడా పడి వంపు తిరుగుతున్నాయి. గోడ మీద తిన్నగా ఉన్న చార గ్లాసు పొట్ట మీదికి రాగానే ఎలా ఒంగిందో అదే ఆ ఫోటోకు ప్రాణం. మీరు అంత దూరంలో ఉండటం వల్ల అది చిన్నదైపోయింది. గ్రిడ్‌ను అలాగే ఉంచుకుని ఇంకా రెండడుగులు ముందుకు రండి, పై భాగంలోని చారలు కొన్ని పోయినా నష్టం లేదు.

మూడోవంతు:

రేపు ఉదయం అదే ఎండలో తీసి పెడతాను. చుక్క మీద నుంచి మాత్రం జరపను.

వంటగట్టు:

పాత రీలు గారు చెప్పినట్టు గ్లాసు చుట్టూ తిరిగి తీసి, మూడు ఫోటోలు మిగుల్చుకున్నాను. మొదటిదాంట్లో పేరు పూర్తిగా ఉంది. రెండోదాంట్లో మొదటి రెండక్షరాలు అంచు మీద ఉన్నాయి, ఎడమవైపు పంచె మడత కనిపిస్తోంది. మూడోది నల్లరాయి మీద ప్రతిబింబంతో కలిపి నిలువుగా తీసినది. మూడోదాంట్లో గ్లాసు, ప్రతిబింబం సరిగ్గా సగం సగం వచ్చాయి. సగం సగం మంచిది కాదని పైన చదివాను కానీ, కత్తిరించి చూస్తే నాకు నచ్చలేదు, కాబట్టి అలాగే ఉంచాను. మొదటిది ఇంట్లో పెట్టుకోవడానికి, ఇక్కడ విమర్శ కోసం మిగిలిన రెండే పెడుతున్నాను.

పాత రీలు:

మూడోదాన్ని సగం సగంగానే ఉంచండి. ప్రతిబింబం ఉన్నప్పుడు ఆ సమానత్వమే దానికి అందం, పైగా రాయి మీది బొమ్మ మసకగా ఉంది కాబట్టి రెండు సగాలూ ఒకే బరువుతో లేవు. రెండోదాంట్లో ఎడమవైపు పంచె మడత వరకు కత్తిరించండి, ఒక అంగుళం కన్నా ఎక్కువ పోదు. అప్పుడు అక్షరాలు అంచుకు మరీ దగ్గర కాకుండా ఎంత ఖాళీ మిగిలిందో చూసి ఇక్కడ మళ్ళీ పెట్టండి.